ఆగిన మిషనే కదా అని…

అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోల్. ఈ ముక్క ముందే చెప్పకపోతే మా అమ్మలాగే మీరూ కంగారుపడతారు. “గ్యాస్‌తో నడిచే స్నో బ్లోయర్ కొన్నానమ్మా” అని ఫోన్లో చెప్పగానే, “సిలిండర్ దానికి పెట్టేస్తే మరి వంటెలారా?” అంది.

మేముండేది బఫెలో శివారులో. న్యూయార్క్ రాష్ట్రమే కానీ, మీరు సినిమాల్లో చూసే న్యూయార్క్‌కీ దీనికీ సంబంధం లేదు. పక్కనే ఈరీ సరస్సు. చలికాలం మొదట్లో సరస్సు ఇంకా గడ్డకట్టదు. దాని మీదుగా చల్లగాలి వీస్తే, అది నీళ్ల మీది తేమని ఎత్తుకొచ్చి మా నెత్తిన మంచుగా కుమ్మరిస్తుంది. అది కూడా ఒక సన్నని పట్టీలాగా పడుతుంది. ఊరికి ఆ చివర ఎండ కాస్తుంటే ఈ చివర కార్లు కనపడవు. 2022 నవంబరులో మాకు దగ్గర్లోని ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లో 80 అంగుళాల మంచు పడింది. అంటే ఆరున్నర అడుగుల పైమాటే. ఆ తర్వాతి నెలలోనే క్రిస్మస్ రోజుల్లో వచ్చిన బ్లిజార్డ్‌లో ఈ చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. ఆ రెండిట్లోనూ నా దగ్గర ఉన్నది ఒక ప్లాస్టిక్ పార. నడుం పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు. జనవరిలో ఒక పెద్దాయన ఇల్లు అమ్మేసి ఫ్లోరిడా వెళ్లిపోతుంటే ఆయన దగ్గర సెకండ్ హ్యాండ్ స్నో బ్లోయర్ కొన్నాను. దాదాపు ఇరవయ్యేళ్ల పాతది.

చూడ్డానికి భలే ఉంటుంది. ముందు వెడల్పాటి ఇనప నోరు. అందులో మెలికలు తిరిగిన రెక్కలు, వాటిని ఆగర్ అంటారు. అది మంచుని నమిలి మధ్యకి తోస్తుంది. వెనకాల ఫ్యాన్‌లాంటి ఇంపెల్లర్ ఆ మంచుని అందుకుని పైనున్న గొట్టంలోంచి 20, 30 అడుగుల దూరం విసిరేస్తుంది. ఆ గొట్టం పేరు షూట్. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అచ్చం మన సెరుకు గానుగలా ఉన్నాదిరా” అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ చలికాలం బాగానే నడిచింది. మార్చిలో మంచు కరిగాక గరాజ్‌లో ఒక మూలకి తోసి పైన టార్పాలిన్ పట్టా కప్పాను. ట్యాంకులో సగం పెట్రోల్ అలాగే ఉంది. వచ్చే ఏడాదికి పనికొస్తుందిలే అనుకున్నాను. పెట్రోల్ డబ్బులు మిగిలాయని సంతోషపడ్డాను కూడా.

2023 డిసెంబరంతా పెద్దగా మంచు లేదు. పారతో సరిపోయింది. 2024 జనవరి రెండో వారంలో మాత్రం తిట్టినట్టు పడింది. ఆదివారం ఆర్చర్డ్ పార్క్ స్టేడియంలో జరగాల్సిన ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్‌ని సోమవారానికి వాయిదా వేశారు. సీట్ల మీద మంచు తియ్యడానికి గంటకి 20 డాలర్లిస్తాం, పారలు మేమే ఇస్తాం, రండి అని జనాన్ని పిలిచారు. మా ఆఫీసు కుర్రాడొకడు వెళ్లి సెల్ఫీలు కూడా పెట్టాడు. మన దగ్గర ఆ సోమవారం సంక్రాంతి. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. తనకి సంక్రాంతి లేదు, మంచు సెలవూ లేదు. ఎనిమిదింటికి బయల్దేరాలి.

పొద్దున్న అయిదున్నరకి గరాజ్ తలుపు ఎత్తితే ఎదురుగా మోకాలి పైదాకా తెల్లటి గోడ. పట్టా తీశాను. తాళం పెట్టాను, పెట్రోల్ ట్యాప్ తిప్పాను, చోక్ ఫుల్‌గా లాగాను, ప్రైమర్ బుడ్డ మూడుసార్లు నొక్కాను. తాడు లాగాను. లాగాను. ఇంకా లాగాను. ఇరవయ్యోసారికి స్వెట్టర్ తీసేశాను. బయట మైనస్ తొమ్మిది డిగ్రీలు, నాకేమో చెమట. మధ్యలో ఒకసారి మళ్లీ ప్రైమర్ నొక్కి లాగితే బుడ్ బుడ్‌మని రెండు క్షణాలు ఆడి చచ్చిపోయింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అక్కడ సాయంత్రం నాలుగున్నర. పండగ పూట అమ్మానాన్నల వీడియో కాల్.

“ఏట్రా, పండగ పూట ఆ అవతారం?” అంది అమ్మ. అరిసెల పళ్లెం చూపించింది. నేను మిషన్ చూపించాను. నాన్న ఫోన్ లాక్కున్నాడు.

మా నాన్నది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. చెరకు, బెల్లం తప్ప వేరే లోకం తెలీదు. స్నో ఆయన ఫోన్లో చూడ్డమే. కానీ ముప్ఫై ఏళ్లు గానుగ దగ్గర డీజిల్ ఇంజన్‌తో, ఆ తర్వాత లూనా బండితో కుస్తీ పట్టిన మనిషి. ఫోన్‌ని కారు బానెట్ మీద నిలబెట్టమన్నాడు.

“అసలు పలకట్లేదా, పలికి ఆగిపోతన్నాదా?”

పలికి ఆగిపోతోందని చెప్పాను. ఎప్పుడు పలికిందని అడిగాడు. బుడ్డ నొక్కినప్పుడు అన్నాను.

“అయితే నిప్పున్నాది. ఆయిలు అందట్లేదు.”

మా ఊళ్లో ఇంజన్లో పోసేది ఏదైనా ఆయిలే. నేను అప్పటిదాకా ప్లగ్ పోయిందనీ, ఇంజనే పోయిందనీ, 700 డాలర్లు మంచులో పోశాననీ ఏవేవో అనుకుంటున్నాను. ఆయన లెక్క సింపుల్. ప్రైమర్ నొక్కితే కాస్త పెట్రోల్ బలవంతంగా లోపలికెళ్తుంది. ఆ కాస్తా మండింది కాబట్టి ప్లగ్ పనిచేస్తోంది. తర్వాత మామూలు దారిలో రావాల్సింది రాలేదు కాబట్టి ఆగిపోయింది. “నమ్మకం నేకపోతే ప్లగ్గు ఇప్పి సూడు” అన్నాడు. విప్పాను. అన్నిసార్లు తాడు లాగిన ఇంజన్ ప్లగ్ పెట్రోల్‌తో తడిసి ఉండాలి. ఎండాకులా పొడిగా ఉంది.

“ఆయిలు ఎన్నాళ్లది?”

మార్చిదని చెప్పాను. అవతల అమ్మ కూడా నవ్వింది.

ట్యాంకు మూత తీసి వాసన చూస్తే పెట్రోల్ ఘాటు లేదు, పాత వార్నిష్ డబ్బా వాసన. తర్వాత చదివి తెలుసుకున్నదేంటంటే, పెట్రోల్‌కి వయసుంటుంది. తేలిగ్గా ఆవిరయ్యే భాగం నెలల్లో ఎగిరిపోతుంది, మిగిలింది చిక్కబడుతుంది. పైగా ఇక్కడి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. కార్లో అయితే వారం వారం కొత్తది పడుతుంది కాబట్టి మనకి తెలీదు. పది నెలలు కదలకుండా ఉన్న చిన్న ఇంజన్‌లో, అదంతా కార్బొరేటర్ అడుగున బంకలా పేరుకుంటుంది. మన దగ్గర ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. హాస్టల్‌కో ఆన్‌సైట్‌కో వెళ్తూ బండిని ఇంట్లో వదిలేసేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

గరాజ్ తలుపు పూర్తిగా తీసి, మూలనున్న హీటర్ ఆపేసి, ట్యాప్ కట్టేసి పని మొదలుపెట్టాను. కార్బొరేటర్ కింద ఒక చిన్న గిన్నె ఉంటుంది. దాని అడుగున ఒకే బోల్టు. పానాతో విప్పితే గిన్నెలోంచి టీ రంగు నీళ్లలాంటిది కారింది. అది పెట్రోల్ అంటే ఎవరూ నమ్మరు. మా మిషన్‌లో ఆ బోల్టే జెట్. దానికి రెండు బెజ్జాలు, వెంట్రుక దూరేంత. వెలుతురుకి అడ్డంపెట్టి చూస్తే రెండూ మూసుకుపోయి ఉన్నాయి.

నేను సూది తెస్తానన్నాను. “సూది వద్దు, బెజ్జం పెద్దదైపోద్ది. కరెంటు వైరు ఒలిసి ఒక రాగి పోగు లాగు” అన్నాడు నాన్న. పాత చార్జర్ వైరు కోశాను. రాగి మెత్తన, జెట్‌ని గీకదు. పోగు దూర్చి ఆడిస్తే పసుపుపచ్చ బంక ఒక చుక్క బయటికొచ్చింది. గసగసాలంత ఉందేమో. 120 కిలోల మిషన్‌ని ఆపేసింది అదే. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టాను, గిన్నె తుడిచాను, పాత పెట్రోల్ మొత్తం వేరే డబ్బాలోకి వంపేశాను. కారు కోసం ముందురోజే తెచ్చిన కొత్త పెట్రోల్ పోశాను. చేతులు మొద్దుబారి బోల్టు రెండుసార్లు మంచులో పడింది. వెతుక్కునేసరికి ఆరుంపావు.

మిషన్‌ని గరాజ్ బయటికి లాగి తాడు పట్టుకున్నాను. గరాజ్‌లోపల స్టార్ట్ చేస్తే పొగ ఇంట్లోకి పోతుంది, దానికి వాసన ఉన్నా లేకపోయినా ప్రాణం తీస్తుంది. ఇది మాత్రం పాత ఓనరు పదిసార్లు చెప్పాడు. మూడో లాగుకి పలికింది. నల్లగా దగ్గి, తర్వాత సాఫీగా అందుకుంది. అనకాపల్లిలో చప్పట్లు.

ఫోన్ కట్ చెయ్యమన్నాను. “ఉండనీరా, మంచు ఎగరడం సూత్తాం” అన్నాడు. అలాగే కారు మీద వదిలేసి, ఆ మాట మర్చిపోయి పనిలో పడ్డాను.

డ్రైవ్‌వేలో పడ్డ మంచు పిండిలా ఉంటుంది. మిషన్ వెన్నలా కోసుకుపోతుంది. అసలు కష్టం చివర్లో, రోడ్డు దగ్గర. అక్కడ సిటీ ప్లౌ లారీలు రోడ్డు మీది మంచునంతా పక్కకి నెట్టుకుంటూ పోతాయి. ఆ నెట్టిందంతా మన గుమ్మం ముందు కట్టలా పడుతుంది. ఉప్పూ నీళ్లూ కలిసి సగం గడ్డ కట్టిన మంచు, మధ్యలో ఇటుకల్లాంటి ఐస్ ముక్కలు. దాన్ని ఢీకొట్టగానే టక్‌మని చప్పుడు. ఎడమవైపు ఆగర్ తిరగడం మానేసింది.

ఇంజన్ ఆపి, తాళం లాగేసి చూశాను. షియర్ పిన్ విరిగింది. విరగాలనే దాన్ని పెడతారు. ఆగర్‌కి బండరాయో ఐస్ గడ్డో తగిలితే మెత్తటి పిన్ విరిగిపోయి ఖరీదైన గేర్‌బాక్స్ బతుకుతుంది. కరెంటు ఫ్యూజు లాంటిదన్నమాట. మా ఊళ్లో ఫ్యూజు వైరు మాటిమాటికీ పోతోందని మందపాటి తీగ చుట్టేసేవాళ్లం గుర్తుందా, ఆ తర్వాత టీవీ కాలిపోయేది. ఇక్కడా కొందరు షియర్ పిన్ బదులు మామూలు గట్టి బోల్టు బిగిస్తారు. అప్పుడు విరిగేది గేర్‌బాక్సే. పెద్దాయన పుణ్యమా అని రెండు స్పేర్ పిన్‌లు చిన్న డబ్బాలో పెట్టి హ్యాండిల్‌కి టేపు చుట్టి ఇచ్చాడు. విరిగిన ముక్కని సుత్తితో కొట్టి, కొత్తది దూర్చాను. అయిదు నిమిషాలు. నాకు నేనే మెకానిక్‌లా కనిపించడం మొదలైంది.

ఏడుంపావు. ఇంకా అయిదడుగుల కట్ట మిగిలింది. లోపల లైటు వెలిగింది, మా ఆవిడ తయారవుతోంది. తొందరపడి లావు ముక్క తీసుకున్నాను. తడి మంచు గొట్టంలో ఇరుక్కుని విసరడం ఆగిపోయింది. ఇంజన్ మాత్రం ములుగుతోంది. లివర్లు వదిలేశాను. ఆగర్ ఆగింది. ఇంజన్ కూడా ఆపేశాను, చూడండి, అంత జాగ్రత్తపరుడినే. అంతా నిశ్శబ్దం. గొట్టంలోకి తొంగిచూస్తే తెల్లగా బిగుసుకున్న మంచు, చేత్తో ఒక్కసారి తోస్తే పోయేలా ఉంది. చేతికి గ్లౌవ్ ఉంది. మోచెయ్యి దాకా లోపల పెట్టాను.

“సెయ్యి తియ్!”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు సైకిల్ కాలవలో పారేసినప్పుడు కూడా అలా అరవలేదు. వెనక్కి దూకితే మంచులో కూలబడ్డాను.

“తీశావా? సూపించు. రెండు సేతులూ సూపించు.”

ఫోన్ దగ్గరికెళ్లి రెండు చేతులూ చూపించాను. “ఇంజన్ ఆపేశాను నాన్నా” అన్నాను, కాస్త కోపంగానే. “కర్ర ఏదైనా పెట్టి పొడు, నువ్వు పక్కకి నిలబడి” అన్నాడు. చీపురు తిరగేసి దాని కర్రతో గొట్టంలో పొడిచాను. రెండో పోటుకి మంచు ముద్ద వదిలింది. వదిలిన మరుక్షణం లోపల ఇంపెల్లర్ గిర్రున పావు చుట్టు తిరిగింది. ఆగి ఉన్న మిషన్. తాళం నా జేబులో ఉంది. చీపురు కర్ర చివర అంగుళం ముక్క తెగి ఎక్కడో పడింది.

విషయమేంటంటే, మంచు అడ్డం పడి ఇంపెల్లర్ ఆగినప్పుడు బెల్టులో బిగువు అలాగే ఉండిపోవచ్చు. ఇంజన్ ఆపినంత మాత్రాన అది పోదు. అడ్డం తొలగ్గానే ఆ బిగువంతా ఒక్కసారి వదులుతుంది. అందుకే కొత్త మిషన్‌ల మీద పొడవాటి ప్లాస్టిక్ గరిట తగిలించి ఇస్తారు, షూట్‌లో చెయ్యి పెట్టొద్దని చెయ్యి బొమ్మ గీసి హెచ్చరిక అంటిస్తారు. నా మిషన్ మీద ఆ స్టిక్కర్ ఎండకి వెలిసిపోయి ఉంది. నేను దాన్ని కంపెనీ పేరనుకున్నాను.

మా నాన్న కుడిచేతికి రెండు వేళ్లు లేవు. చూపుడు వేలు సగం, మధ్యవేలు మొత్తం. నాకు ఆరేళ్లప్పుడు చెరకు గానుగలో పోయాయి. ఆ రోజు నాన్న రోలర్ల దగ్గర చెయ్యి పెట్టి ఉండగా, మా దగ్గర పనిచేసే మనిషి చూసుకోకుండా ఇంజన్ తిప్పేశాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఊరందరికీ తెలుసు. మా నాయనమ్మ ఆ మనిషిని తిట్టని పండగ లేదు. వచ్చే సీజన్‌కి ఎవరూ గానుగ పనికి పిలవక అతను కుటుంబంతో సహా విశాఖపట్నం వెళ్లిపోయాడు. మాకు తెలిసిన కథ అంతే.

“ఆ రోజు ఇంజన్ ఆపే ఉన్నాదిరా” అన్నాడు నాన్న. ఫోన్‌లో ఆయన మొహం సగమే కనిపిస్తోంది. “నేనే ఆపాను. సెరుకు ముక్క ఇరుక్కున్నాది. ఆగిన మిషనే కదా అని సెయ్యి పెట్టాను. ముక్క ఊడి రాగానే రోలరు తిరిగింది. బెల్టు బిగువు. ఆడు నా దగ్గర నేడు, అవతల పొయ్యి కాడ ఉన్నాడు. ఆడి తప్పేం నేదు.”

అమ్మ వెనక ఎక్కడో ఉంది. అరిసెల పళ్లెం చప్పుడు ఆగిపోయింది.

“మరి అందరూ…”

“అడిగినప్పుడు నేను కాదన్నేదు. అంతే.”

ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడని అడిగాను. పోయి ఎనిమిదేళ్లయిందన్నాడు. ఇంకేం మాట్లాడాలో నాకు తెలీలేదు. ఆయనే, “కోడలికి టైమవుతన్నాది, పని సూడు” అన్నాడు.

మిగిలిన కట్టని చిన్న చిన్న ముక్కలుగా తీశాను. మా ఆవిడ ఎనిమిదీ ఇరవైకి బయల్దేరింది. లేటైందని విసుక్కుంటూనే, కారు కదిలాక అద్దం దించి, “ఏమైంది, అలా ఉన్నావ్?” అని అడిగింది. రాత్రికి చెబుతానన్నాను.

ఆ చలికాలంలో ఇంకో నాలుగైదుసార్లు మిషన్ బయటికి తీశాను. గొట్టంలో ఇరుక్కుంటే ఇంజన్ ఆపడం, తాళం జేబులో వేసుకోవడం, కర్ర. ఒక రుబ్బురోలు పొత్రమంత బలమైన కర్రని కోసి హ్యాండిల్‌కి కట్టాను, ఎర్ర రంగు కూడా వేశాను.

ఇదంతా రాస్తానని మొన్న నాన్నని అడిగాను. మిషన్ సంగతి సరే, గానుగ సంగతి రాయొచ్చా అని. కాసేపాగి, “రాయి. ఆడి తప్పు కాదని రాయి” అన్నాడు. అతని పిల్లలు విశాఖలోనే ఎక్కడో ఉన్నారట. పేరు మాత్రం వద్దన్నాడు, వాళ్లని అడక్కుండా పెట్టకూడదట.

మార్చి చివర్లో మంచు కరిగాక, ఈసారి పట్టా కప్పేముందు వీడియో కాల్ చేశాను. ఇంజన్ ఆయిల్ మార్చాను, 5డబ్ల్యూ-30. ఆగర్ షాఫ్ట్‌కి గ్రీజు కొట్టాను. అది తుప్పుపట్టి షాఫ్ట్‌కి అతుక్కుపోతే షియర్ పిన్ ఉన్నా లేనట్టే, విరగాల్సినప్పుడు విరగదు. కింద రాసుకునే స్కిడ్ షూస్ అరిగిపోతే తిరగేసి బిగించాను. పిన్‌లు ఆరు కొని డబ్బాలో వేశాను. ట్యాంకులో పెట్రోల్ లాగేసి, మిగిలిందాంతో ఇంజన్‌ని బయట నడవనిచ్చి, ట్యాప్ కట్టేశాను. గిన్నెలో ఉన్న ఆఖరి చుక్క అయిపోయేదాకా అది ఆడింది. ఒక నిమిషం మామూలుగా, తర్వాత కాస్త పైకి లేచి, తడబడి, ఆగింది.

“అయిపోయిందా?” అన్నాడు నాన్న.

“ఆ, అయిపోయింది.”

“గిన్నె కింద బోల్టు ఇప్పి ఇంకోసారి సూడు. అడుగున ఉండిపోద్ది.”

విప్పాను. నిజంగానే అర చెంచాడు ఉంది.